కారణం ముందు, కార్యం వెనుక: సాపేక్షతా సిద్ధాంతం ఏమంటున్నది?

తర్కశాస్త్రం ప్రారంభించిన విద్యార్థికి తొలి సంవత్సరంలోనే కారణ లక్షణం చెబుతారు. కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేది, అది లేకపోతే కార్యమే పుట్టనిది కారణం. కుండకు మట్టి, కుమ్మరి, సారె, కర్ర కారణాలు. ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిద కూడా కుండకు ముందే ఉన్నది గాని, అది కారణం కాదు. గాడిద లేకుంటే బండి మీద మట్టి వస్తుంది, కుండ తయారవుతుంది. ముందున్నదల్లా కారణం కాదు. కారణమైనది మాత్రం ముందుండక తప్పదు. ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీనిని అతి క్లుప్తంగా నిర్వచించాడు. నలభై ఏళ్లకు పైగా ఆ చిన్న గ్రంథాన్ని పాఠం చెప్పినవాణ్ణి గనుక, ఈ లక్షణంలోని "ముందు" అన్న మాట మీద నాకు మొదటినుండీ శ్రద్ధ ఎక్కువ.

ఆ మాటకు ఆధారం కాలం. వైశేషికుల మతంలో కాలం ఒక్కటే, నిత్యమైనది, అంతటా వ్యాపించినది. ఇది ముందు, ఇది వెనుక, ఇవి రెండూ ఒకేసారి అనే వ్యవహారానికి అదే హేతువు. కాశీలో కూర్చున్నవానికి ముందైనది రామేశ్వరంలో ఉన్నవానికీ ముందే. న్యూటన్ మహాశయుడు 1687లో ప్రకటించిన గ్రంథంలోనూ కాలస్వరూపం ఇంచుమించు ఇటువంటిదే. ఎవరు కదిలినా, ఎవరు నిలిచినా, దానితో సంబంధం లేకుండా సమంగా సాగిపోయే ఒకే కాలం. ఇరుపక్కలా ఇంత గట్టిగా నిలిచిన భావాన్ని 1905లో ఇరవై ఆరేళ్ల యువకుడొకడు కదిలించాడు.

ఈ విషయం ఈ పత్రికలో వ్రాయడానికి నిమిత్తం ఇద్దరు శ్రోతలు. ఒక ఉపన్యాసం ముగిసిన తరువాత ఇంజనీరింగు చదివే యువకుడు వచ్చి, "గురువుగారూ, కాంతిని మించిన వేగంతో పోతే కాలంలో వెనుకకు పోవచ్చునట. అప్పుడు ఫలం ముందు, కర్మ వెనుక అవుతుంది గదా! చేసినవాడే అనుభవించాలన్న మాటకు ఇక అర్థమేమున్నది?" అని అడిగాడు. పక్కనే ఉన్న పెద్దాయన, "ఆ ఐన్‌స్టైన్ చెప్పినదంతా మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉన్నదే నాయనా" అని ఆ ప్రశ్నను అక్కడితో ముగించబోయాడు. ఒకరి భయమూ, ఇంకొకరి ధైర్యమూ రెండూ తొందరపాటువే అనిపించింది నాకు. భౌతికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడొకరు కొంతకాలంగా సాయంత్రాలు నా దగ్గర తర్కసంగ్రహం చదువుకుంటున్నారు. గురుదక్షిణగా ఆయన నాకు ఈ సిద్ధాంతం పాఠం చెప్పారు. ఈ వ్యాసం ఆ పాఠ ఫలమే.

ముందుగా వేగం సంగతి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే రైలులో, రైలు పోయే వైపే మీరు గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున నడిస్తే, స్టేషనులో నిలబడినవానికి మీ వేగం నూట ఐదు. వేగాలు ఇట్లా కూడుకుంటాయన్నది అందరి అనుభవం. కాంతికి కూడా వేగం ఉన్నదని 1676లో రోమర్ అనే డెన్మార్కు ఖగోళవేత్త గురుగ్రహపు ఉపగ్రహానికి పట్టే గ్రహణాల వేళల్లోని హెచ్చుతగ్గులను బట్టి గ్రహించాడు. నేటి లెక్కలో అది సెకనుకు 2,99,792 కిలోమీటర్ల పైచిలుకు. స్థూలంగా మూడు లక్షలనుకోవచ్చు. మరి భూమి సూర్యుని చుట్టూ సెకనుకు ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది గదా, ఆ వేగం కాంతివేగంతో ఒక దిశలో కూడి, మరొక దిశలో తీసివేతకు రావద్దా? ఆ తేడా పట్టుకోవాలని 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు అతి సూక్ష్మమైన పరికరంతో ప్రయత్నించారు. ఆశించిన తేడా కనిపించలేదు.

స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో పేటెంట్ కార్యాలయంలో ఉద్యోగం చేసుకుంటున్న ఐన్‌స్టైన్ 1905లో ఒక వ్యాసం ప్రకటించాడు. సమవేగంతో తిన్నగా పోయేవారందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే. శూన్యంలో కాంతివేగం, దీపం కదిలినా చూసేవాడు కదిలినా, అందరికీ అంతే. ఈ రెండింటినే మూలంగా తీసుకున్నాడు. (ఆయన వ్యాసాలను మన దేశంలో సత్యేంద్రనాథ బోస్, మేఘనాద సాహా ఆంగ్లంలోకి అనువదించగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. అప్పటికి ఆ ఇద్దరూ ముప్పై ఏళ్లు నిండనివారు.)

అంతవరకు బాగానే ఉన్నది గాని, దీనితో వేగాల కూడిక మారిపోయింది. కొత్త లెక్క కష్టమైనదేమీ కాదు, భిన్నాలు వచ్చినవారెవరైనా చేసి చూసుకోవచ్చును. రెండు వేగాలనూ కాంతివేగంలో ఎన్నో వంతులుగా చెప్పండి. వాటిని కూడండి. తరువాత ఆ రెండు భిన్నాలను గుణించి, వచ్చిన లబ్ధానికి ఒకటి కలపండి. మొదటి మొత్తాన్ని ఈ సంఖ్యతో భాగించండి. అర, అర తీసుకుంటే మొత్తం ఒకటి. లబ్ధం పావు, ఒకటి కలిపితే ఒకటింపావు. ఒకటిని ఒకటింపావుతో భాగిస్తే ఐదింట నాలుగు వంతులు. అంటే కాంతివేగంలో సగంతో పోయే వాహనం నుండి, దానిని బట్టి మళ్లీ సగం వేగంతో ఒక బాణం ముందుకు వదిలితే, నేలమీద ఉన్నవానికి ఆ బాణం కాంతివేగంతో కాక అందులో 80 శాతంతోనే పోతుంది. ముప్పావు, ముప్పావు కూడితే 96 శాతం. ఎంత కూడినా నిండు ఒకటి కాదు. ఇక ఒకటి స్వయంగా కాంతివేగమే అయితే, దానికి ఏది కూడినా ఒకటే మిగులుతుంది. ఇది నేను కాగితం మీద చేసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం, కఠినమైన ఫక్కికకు అర్థం తోచినప్పటి సంతోషం వంటిది.

మరి రైలులో నూట ఐదు తప్పా? ఖచ్చితంగా చూస్తే నూట ఐదుకు పిసరంత తక్కువ. ఆ తక్కువ ఎంతంటే, మీరు రైలులో గంటసేపు నడిచినా (అంత పొడవైన రైలు దొరికితే) ఒక పరమాణువు వెడల్పులో సగం కూడా కాదు. అందుకే మన పూర్వులకు గాని, న్యూటనుకు గాని ఇది తోచే అవకాశం లేకపోయింది. 1964లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో, కాంతివేగంలో 99.975 శాతం వేగంతో దూసుకుపోతున్న పయాన్లనే సూక్ష్మకణాల నుండి ముందుకు వెలువడిన కాంతి వేగాన్ని కొలిచారు. పాత కూడికలో దాదాపు రెట్టింపు కావలసిన ఆ వేగం, ఎప్పటి కాంతివేగమే అయింది.

వేగంతో పాటు కాలపరిమాణమూ మారుతుంది. భూమికి పదిహేను కిలోమీటర్ల ఎత్తున వాతావరణంలో పుట్టే మ్యువాన్లనే కణాల సగటు ఆయుర్దాయం సెకనులో పది లక్షలవ వంతుకు 2.2 రెట్లు మాత్రమే. కాంతివేగంతో పరుగెత్తినా ఆ ఆయువులో 660 మీటర్లు మించి పోలేవు. అయినా అవి కుప్పలు తెప్పలుగా నేలను చేరుతున్నాయి. వేగంగా పోయే వాటి కాలం మన గడియారాన్ని బట్టి నెమ్మదిగా సాగడమే దీనికి కారణం. యాత్రకు పోయేటప్పుడు ఫోనులో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు కూడా వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనుకబడి, ఎత్తున భూమ్యాకర్షణ తగ్గడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మిగిలిన 38 మైక్రోసెకన్లను సరిదిద్దుతూ ఉండాలి. ఆ వ్యవధిలో కాంతి పదకొండు కిలోమీటర్లకు పైగా పోతుంది గనుక, సరిదిద్దకపోతే దారి ఎంత తప్పుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఆ పెద్దాయన మాటకు సమాధానం చెప్పాలి. సాయణాచార్యులు ఋగ్వేద భాష్యంలో సూర్యుని స్తుతించే సందర్భంలో, అర నిమేషంలో 2202 యోజనాలు పోయేవాడనే మాట ఉదాహరించిన సంగతి వాస్తవమే. అది గౌరవించదగిన విషయం. కాని యోజనం ఎంతో, నిమేషం ఎంతో గ్రంథానికొక లెక్క ఉన్నది. కావలసిన సంఖ్య వచ్చే కొలతను ఏరుకోవడం తార్కికుని పద్ధతి కాదు. పైగా సంఖ్య సరిపోయినా, సాపేక్షతా సిద్ధాంతం విశేషం ఆ సంఖ్యలో లేదు. అది ఎవరు కొలిచినా మారదనడంలో ఉన్నది. అట్లే భాగవతం నవమ స్కంధంలో కకుద్మి మహారాజు బ్రహ్మసభకు పోయి వచ్చేసరికి ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిన కథను కాల సాపేక్షతకు నిదర్శనంగా చెబుతారు. లోకాన్ని బట్టి కాలం వేరన్న భావన అందులో ఉన్నది, వేగాన్ని బట్టి వేరన్న మాట లేదు. మన గ్రంథాల గౌరవం ఇటువంటి అరువు ప్రమాణాల మీద ఆధారపడి లేదని నా దృఢాభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయం, పౌర్వాపర్యం. గోదావరి మీద తిన్నగా సమవేగంతో పోయే ఒక లాంచీని ఊహించండి. సరిగ్గా మధ్యలో ఒక దీపం. ముందు కొసన ఒకడు, వెనుక కొసన ఒకడు గంట పట్టుకుని నిలబడ్డారు. దీపపు వెలుగు తన కంటికి తగలగానే గంట కొట్టాలి. దీపం వెలిగింది. లాంచీ మధ్యలో కూర్చున్న సరంగు లెక్కలో వెలుగు రెండు వైపులకూ సమానదూరం పోయింది. గంటలు రెండూ ఒకేసారి మోగాయి. ఒడ్డున నిలబడినవాని లెక్క వేరు. అతనికి కూడా వెలుగు రెండు వైపులకూ ఒకే వేగంతో పోతున్నది, ఈ సంగతి మరువరాదు. అయితే వెనుక కొస వెలుగుకు ఎదురు వస్తున్నది, ముందు కొస వెలుగు నుండి పారిపోతున్నది. కనుక వెనుక గంట ముందు మోగింది, ముందు గంట తరువాత మోగింది. ఇక ఇదే దిశలో ఇంతకన్నా వేగంగా పోయే మరొక పడవలోని వానికి మన లాంచీ వెనుకకు పోతున్నట్లు ఉంటుంది. అతని లెక్కలో ముందు గంటే ముందు మోగింది!

ముగ్గురూ సత్యవాదులే. ముగ్గురి గడియారాలూ మంచివే. శబ్దం, వెలుగు తమను చేరడానికి పట్టిన కాలాన్ని తీసివేసే లెక్క కట్టారు. మామూలు లాంచీలో ఈ తేడా సెకనును కోటికోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కన్నా తక్కువ గనుక చెవికి అందదు. కాని అందకపోవడం వేరు, లేకపోవడం వేరు. "ఒకేసారి" అన్న మాట చూసేవానిని బట్టి మారుతుంది; అంతటా వ్యాపించిన ఒకే "ఇప్పుడు" లేదు. వైశేషికుల ఏకకాల వాదానికి గట్టి దెబ్బ తగిలినది ఇక్కడే. దానిని దాచిపెట్టవలసిన పని లేదు.

మరి కార్యకారణభావం ఏమయింది? మళ్లీ ఆ లాంచీలోకే చూడండి. దీపం వెలగడం కారణం, గంట మోగడం కార్యం. దీపం ముందు, గంట వెనుక: ఈ విషయంలో సరంగుకు, ఒడ్డున ఉన్నవానికి, వేగంగా పోయే పడవలోని వానికి ముగ్గురికీ ఏకవాక్యత. ఎంత వేగంగా పోయేవాడైనా ఈ క్రమాన్ని తిరగవేయలేడు. తిరగబడినది రెండు గంటల నడిమి క్రమం మాత్రమే. ఆ రెండు గంటల్లో ఒకటి రెండవదానికి కారణం కాదు. ఒక దాని మోత నుండి కాంతి బయలుదేరినా రెండవది మోగేలోపు దానిని చేరలేదు. మన శాస్త్రాల్లో దీనికి చక్కని దృష్టాంతం ఉన్నది. ఆవుకు కుడికొమ్ము, ఎడమకొమ్ము ఒకేసారి మొలుస్తాయి గనుక ఒకటి రెండవదానికి కారణం కాజాలదంటారు. లాంచీ గంటలు అటువంటి కొమ్ములు. ఏ కొమ్ము ముందన్నది చూసేవానిని బట్టి మారితే మారనీయండి, కార్యకారణభావానికి వచ్చే లోటేమీ లేదు.

నాకు ఇందులో అన్నింటికన్నా లోతుగా తోచిన సంగతి ఒకటి ఉన్నది. మేము ఇన్నాళ్లూ కాలాన్ని ఆధారంగా తీసుకుని కారణాన్ని నిర్వచించాము: ముందుండేది కారణం. ఇప్పుడు ఆ ఆధారం తలకిందులవుతున్నది. ఒక ఘటన ప్రభావం కాంతివేగం మించకుండా మరొక ఘటనను చేరగలిగితేనే, ఆ రెంటి నడుమ అందరికీ ఒకటే అయిన ముందు వెనుకలుంటాయి. చేరలేకపోతే ఆ క్రమానికి స్థిరత్వం లేదు. అంటే కారణం కాగల యోగ్యతే "ముందు" అన్న మాటకు అర్థం ఇస్తున్నది. అన్నంభట్టు లక్షణం అబద్ధం కాలేదు. దానిలోని ఒక పదానికి కొత్త వ్యాఖ్య కావలసి వచ్చింది. వ్యాఖ్య కావలసి రావడం శాస్త్రగ్రంథాలకు కొత్త కాదు గదా!

సూర్యుని నుండి కాంతి మనను చేరడానికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు. సూర్యునిలో ఒక జ్వాల ఎగసిందనుకోండి. మన లెక్కలో ఆ క్షణానికి అటు 8 నిమిషాల 20 సెకన్లు, ఇటు 8 నిమిషాల 20 సెకన్లు, మొత్తం 16 నిమిషాల 40 సెకన్ల కాలంలో భూమి మీద జరిగినదేదీ ఆ జ్వాలకు కారణం కాదు, కార్యమూ కాదు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుని చుట్టూ కక్ష్యలో ప్రవేశించినప్పుడు ఈ సంగతి బెంగుళూరులోని శాస్త్రజ్ఞులకు ప్రత్యక్షానుభవమే. అక్కడి నుండి వార్త రావడానికి పన్నెండు నిమిషాలకు పైగా పట్టేది. ఇంజను మండుతుండగా పొరపాటు జరిగితే అప్పటికప్పుడు దిద్దే ఉపాయం లేదు. ఆజ్ఞలన్నీ ముందే పంపి ఉంచారు. ఇక చేతులు కట్టుకుని కూర్చోవడమే.

యువకుని ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. కాంతిని మించిన వేగంతో ప్రభావం పోగలిగితే కార్యం ముందు, కారణం వెనుక అవుతుందన్నది నిజమే. వెనుక గంట మోత అటువంటి మహావేగంతో పోయి ముందు గంటను మోగించిందనుకుంటే, వేగపు పడవలోని వాని లెక్కలో కార్యం కారణం కన్నా ముందే పుట్టినట్లవుతుంది. అట్టి వేగంతోనే జవాబు కూడా పంపగలిగితే, ప్రశ్న అడగక ముందే జవాబు అందే అవస్థ వస్తుంది. అయితే ఇది "కనుక అలా జరుగుతుంది" అని చెప్పే వాక్యం కాదు. తర్కంలో అనిష్టప్రసంగం అంటాము: దీనిని ఒప్పుకుంటే ఇంతటి విరోధం వస్తుంది, కాబట్టి ఒప్పుకోరాదు అని. పుస్తకాల్లోనూ సినిమాల్లోనూ మొదటి సగం చెప్పి రెండవ సగం వదిలివేస్తారు. చిక్కంతా అక్కడ వచ్చింది.

కాంతిని మించిన కదలికలు అసలు లేవని కాదు. భూమి నుండి బలమైన వెలుగును చంద్రుని మీదికి పంపి, దీపాన్ని చురుకుగా తిప్పితే, చంద్రతలం మీద ఆ వెలుగు మచ్చ కాంతివేగాన్ని మించి జరగవచ్చు. నీడ కూడా అంతే. కాని ఆ మచ్చ ఒక చోటి నుండి ఇంకొక చోటికి ఏ వార్తనూ మోసుకుపోదు. చీకటి కదులుతున్నట్లు కనిపిస్తుంది గనుక అది ద్రవ్యమేనని కొందరు మీమాంసకులు వాదిస్తే, అది తేజస్సు లేకపోవడమే గాని ద్రవ్యం కాదని మా నైయాయికులు సమాధానం చెప్పారు. ఆ పాత వివాదం ఈ సందర్భంలో జ్ఞప్తికి వచ్చి నవ్వుకున్నాను.

2011 సెప్టెంబరులో, సెర్న్ నుండి ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింది ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలనే కణాలు 730 కిలోమీటర్ల దూరంలో కాంతి కన్నా దాదాపు 60 నానోసెకన్లు ముందు చేరినట్లు వార్త వచ్చింది. కార్యకారణ నియమం కూలిపోయిందని పత్రికలు వ్రాశాయి. ఆ ప్రయోగం చేసినవారు మాత్రం తొందరపడలేదు. తమ కొలతలో దోషం ఉంటే చూపమని తోటి శాస్త్రజ్ఞులను అడిగారు. మరుసటి సంవత్సరం తెలిసినదేమంటే, గడియారానికి సంకేతం తెచ్చే ఒక తీగ వదులుగా బిగించబడి ఉన్నది. సరిచేసి చూస్తే ఆ కణాలు కాంతిని మించలేదు.

కర్మఫల సిద్ధాంతాన్ని ఈ లెక్కలతో నిలబెట్టబోవడం లేదు. దాని ప్రమాణాలు వేరు, ఇవి వేరు. ఆ యువకునితో నేను చెప్పినది ఇంతే: ఫలం కర్మకు ముందు వస్తుందని సాపేక్షతా సిద్ధాంతం చెప్పలేదు, చెప్పినదని ఎవరన్నా నమ్మి దిగులు పడవద్దు.

ఒక చిన్న విషయం మిగిలింది. న్యూటన్ లెక్కలో గురుత్వాకర్షణ క్షణమైనా పట్టకుండా ఎంత దూరమైనా పనిచేసేది. ఐన్‌స్టైన్ 1915లో పూర్తిచేసిన విస్తృత సిద్ధాంతంలో అది కూడా కాంతివేగంతోనే పోవాలి. 2017 ఆగస్టు 17న, సుమారు పదమూడు కోట్ల కాంతిసంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న ఘటన నుండి గురుత్వ తరంగాలు వచ్చాయి. అక్కడినుండే వచ్చిన గామా కిరణాలు వాటి వెనుక 1.7 సెకన్లకు అందాయి. పదమూడు కోట్ల సంవత్సరాల ప్రయాణంలో తేడా అంతే! ఇటువంటి తరంగాలను పట్టే కేంద్రం మన దేశంలో నిర్మించడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. స్థలం మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఔంఢా నాగనాథ క్షేత్రానికి సమీపాన ఉన్నది. నాందేడు మీదుగా ఆ జ్యోతిర్లింగ దర్శనానికి మన తెలుగువారు ఏటా వెళుతూనే ఉంటారు. ఒక్కొక్కటి నాలుగు కిలోమీటర్ల పొడవు గల రెండు చేతులు దానికి ఉంటాయి. అమెరికాలో మూడు వేల కిలోమీటర్ల ఎడంలో ఇటువంటి కేంద్రాలు రెండున్నాయి. తరంగం ఒక దానిని తాకిన తరువాత రెండవదానిని తాకడానికి సెకనులో నూరవ వంతుకు మించి పట్టదు. ఏ కేంద్రానికి ముందు అందినది, ఏ కేంద్రానికి వెనుక అందినది, ఎంత వెనుక అందినది అన్న లెక్కతోనే అది ఏ దిక్కు నుండి వచ్చినదో నిర్ణయిస్తారు.